నర్సు నైతిక బాధ్యత: హైదరాబాద్ వార్డుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

నర్సింగ్ స్టూడెంట్లు, కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులు క్లాసులోనూ, డ్యూటీ దిగి బస్సెక్కే ముందూ అడిగే ప్రశ్నలివి. రాత్రి రెండింటికి వార్డులో ఒక్కరే ఉన్నప్పుడు పనికొచ్చేలా జవాబులు రాశాను. ప్రభుత్వ ఆసుపత్రి అయినా కార్పొరేట్ ఆసుపత్రి అయినా నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. చూసింది చెప్పడం, చేసింది రాయడం. నర్సు చేతిలో ఉన్న అతి పెద్ద బలం ఇదే. కింది జవాబులు చాలావరకు దాని చుట్టే తిరుగుతాయి.

నర్సులకు నైతిక నియమావళి అని నిజంగా ఒకటి ఉందా?

ఉంది. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో మొదటిసారి నియమావళిని ఆమోదించింది. 2021లో దాన్ని సవరించారు. మన దేశంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2006లో నర్సుల నైతిక నియమావళిని, వృత్తి ప్రవర్తనా నియమావళిని తెచ్చింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. నైతికత, రిజిస్ట్రేషన్ వ్యవహారాలకు విడిగా ఒక బోర్డు ఉండాలని ఆ చట్టంలోనే రాశారు.

నర్సింగ్ స్టూడెంట్లు దీపాలు వెలిగించి ప్రమాణం చేసే లాంప్ లైటింగ్ రోజున మనం చదివే నైటింగేల్ ప్రతిజ్ఞ వీటన్నిటికంటే పాతది. ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ దాన్ని రాయలేదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక నర్సింగ్ స్కూల్ కమిటీ తయారుచేసింది. అందులో డాక్టరు పనిలో విధేయంగా తోడుంటానన్న మాట ఉంది. ఈనాటి నియమావళి మాత్రం నర్సు మొదటి బాధ్యత సేవ అవసరమైన మనిషికే అంటుంది. ఈ తేడా చిన్నదేమీ కాదు. తర్వాతి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

డాక్టర్ రాసిన ఆర్డర్ తప్పనిపిస్తే ఏం చేయాలి? "డాక్టర్ రాశారు, నేను ఇచ్చాను" అంటే సరిపోదా?

సరిపోదు. ఇంజెక్షన్ ఎక్కించిన చెయ్యి మీది. ఆ మందు ఏమిటో, ఎంతో, ఎందుకో తెలుసుకుని ఇవ్వాల్సిన బాధ్యత మీ చదువుతో, మీ రిజిస్ట్రేషన్‌తో పాటే వచ్చింది.

పొటాషియం క్లోరైడ్ సంగతే తీసుకోండి. మన దగ్గర దొరికే 10 మి.లీ. ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కిస్తే అదే ప్రాణం నిలబెడుతుంది. కలపకుండా నరంలోకి ఒక్కసారిగా నెట్టేస్తే గుండె ఆగిపోవచ్చు. కేస్ షీట్‌లో "ఇంజెక్షన్ కేసీఎల్ ఒక ఆంప్యూల్ ఐవీ, స్టాట్" (ఒక ఆంప్యూల్ పొటాషియం క్లోరైడ్ వెంటనే నరంలోకి) అని మాత్రమే ఉందనుకోండి. ఎందులో కలపాలో లేదు, ఎంతసేపట్లో ఎక్కించాలో లేదు. ఆ ఆర్డర్‌ను అలాగే అమలు చేయడం విధేయత అనిపించుకోదు. ఫోన్ చేయండి. "సార్, ఏడో బెడ్ పేషెంట్‌కు కేసీఎల్ ఎన్ని మి.లీ. సెలైన్‌లో కలపమంటారు? ఎన్ని గంటల్లో ఎక్కించమంటారు? మొన్నటి రిపోర్టులో పొటాషియం ఇంత ఉంది, యూరిన్ అవుట్‌పుట్ ఇంత ఉంది" అని అడగండి. అంకెలు చెప్పి అడిగిన ప్రశ్నను ఏ డాక్టరూ తేలిగ్గా కొట్టిపారేయలేరు.

ఆయన విసుక్కోవచ్చు. "నాకు చెప్తున్నావా?" అని కూడా అనవచ్చు. అప్పుడు ఆయనతో వాదన పెట్టుకోకండి, మందు కూడా ఇవ్వకండి. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు చెప్పండి, ఆమె ద్వారా సీనియర్ డాక్టర్‌కు చెప్పించండి. ఎన్ని గంటలకు ఎవరికి ఫోన్ చేశారో, వాళ్లేమన్నారో నర్సెస్ నోట్స్‌లో రాయండి. "డాక్టర్ నిర్లక్ష్యంగా మాట్లాడారు" లాంటి వ్యాఖ్యలు అక్కడ వద్దు. సమయం, పేరు, అన్న మాట, అంతే.

ఫోన్‌లో చెప్పిన ఆర్డర్లకు ఇంకో జాగ్రత్త కావాలి. విన్నది రాసుకుని, రాసుకున్నది తిరిగి చదివి వినిపించి, "ఔను" అనిపించుకున్నాకే మందు ముట్టుకోండి. డాక్టర్ రౌండ్‌కు వచ్చిన వెంటనే సంతకం చేయించుకోండి.

రాత్రి డ్యూటీలో చార్టులన్నీ నింపే టైమ్ ఉండదు. అందాజాగా రాస్తే అంత పెద్ద తప్పా?

చాలా పెద్ద తప్పు. మన వృత్తిలో అబద్ధం ఎక్కువగా దాక్కునే చోటు చార్టే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏ వార్డులోనైనా తెల్లవారుజామున టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్) చార్టులు వరసగా తిరగేయండి. టెంపరేచర్ తేడాగా ఉంటుంది, పల్స్ తేడాగా ఉంటుంది. రెస్పిరేషన్ గడిలో మాత్రం ఆరు బెడ్లకూ 20 అని ఉంటుంది. ఆరుగురు మనుషులు, అందులో ఒకరు న్యుమోనియాతో వచ్చిన ముసలాయన, అందరూ ఒకే లెక్కన ఊపిరి తీయరు కదా. ఎవరూ లెక్కపెట్టలేదని ఆ గడే చెబుతోంది. ఊపిరి లెక్కపెట్టడానికి మిషన్ అక్కర్లేదు, నిండా ఒక నిమిషం బెడ్ పక్కన నిలబడితే చాలు. మనిషి పరిస్థితి దిగజారుతున్నప్పుడు బీపీ పడిపోయేలోపే ఊపిరి వేగం పెరగడం మామూలు. ఆ గడిలో ఊహించి 20 వేస్తే పొద్దున రౌండ్‌కు వచ్చిన డాక్టర్ ఆ 20ని నమ్ముతారు. అక్కడ మోసపోయేది పేషెంట్.

చూడలేకపోతే చూడలేదనే రాయండి. "మూడో బెడ్ ఎమర్జెన్సీ వల్ల 2 గంటల వైటల్స్ తీయలేదు, 3.15కు తీశాను" అని ఉన్న చార్టు నిజాయితీగల చార్టు. దానికి ఎవరైనా తిడితే ఆ తిట్టు పడొచ్చు. ఖాళీ గడిని తర్వాతి డ్యూటీవాళ్లు గుర్తుపట్టి మళ్లీ చూస్తారు, తప్పుడు అంకెనైతే నమ్మి వదిలేస్తారు.

నా చేతి మీదుగా మందు తప్పుగా వెళ్లింది. పేషెంట్‌కు ఏమీ కాలేదు. చెప్పాలా?

చెప్పాలి, వెంటనే. ముందు పేషెంట్‌ను చూసుకోండి, డాక్టర్‌కు చెప్పండి, తర్వాత జరిగిన పొరపాటును నమోదు చేసే ఇన్సిడెంట్ ఫారం నింపండి. ఏమీ కాలేదన్నది ఆ నిమిషానికే నిజం. ఇన్సులిన్ ఎక్కువ వెళ్తే షుగర్ పడిపోవడానికి కొంతసేపు పడుతుంది.

భయం ఎందుకో నాకు తెలుసు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 106 ప్రకారం నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ వైద్యం చేస్తుండగా జరిగితే రెండేళ్ల దాకానే. ఆ తగ్గింపు నిర్వచనం మెడికల్ రిజిస్టర్‌లో పేరున్న డాక్టర్లకే పరిమితం, నర్సులు అందులో లేరు. ఒకే గదిలో ఒకే పేషెంట్ దగ్గర పనిచేసే ఇద్దరికి చట్టం రెండు కొలతలు పెట్టడం అన్యాయమని నేను బహిరంగంగానే చెబుతాను. కానీ దాచిపెట్టడం ఆ అన్యాయానికి విరుగుడు కాదు. వెంటనే చెప్పి సరిదిద్దిన పొరపాటుకూ, దాచగా బయటపడ్డ పొరపాటుకూ విచారణలో చాలా తేడా ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఒకేలా కనిపించే రెండు ఆంప్యూల్స్ ఒకే ట్రేలో పక్కపక్కన ఉండటం వల్ల మీకు పొరపాటు జరిగితే, మీరు చెప్పినప్పుడే ఆ ట్రే మారుతుంది. చెప్పకపోతే వచ్చే వారం ఇంకో అమ్మాయి చెయ్యి అదే ట్రేలోకి వెళ్తుంది.

యాజమాన్యాలకూ ఒక మాట. ఇన్సిడెంట్ ఫారం రాసిన నర్సుకు మెమో ఇచ్చారంటే ఆ వార్డు నుంచి రెండో ఫారం రాదు.

ఆపరేషన్ ముందు కన్సెంట్ ఫారం మీద సంతకం తీసుకోవడం నర్సు పనా?

సంతకం అందిందా లేదా చూడటం, సాక్షిగా ఉండటం మీ పని కావచ్చు. ఆపరేషన్ ఏమిటి, ప్రమాదాలేమిటి, వేరే దారి ఉందా అన్నది వివరించడం ఆపరేషన్ చేసే డాక్టర్ పని. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అని స్ట్రెచర్ మీద తీసుకున్న మూడు సంతకాలను సమ్మతి అనలేం.

2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. ఆమె లాపరోస్కోపీతో పరీక్షకు ఒప్పుకుంది. మత్తులో ఉండగా బయట ఉన్న ఆమె తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పేషెంట్ మేజర్, మత్తు దిగాక ఆమెనే అడగొచ్చు, ప్రాణాపాయం లేదు, కాబట్టి తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు తీర్పునిచ్చింది. గర్భసంచి ఆపరేషన్లు ఎంత మామూలైపోయాయో మనకు తెలుసు కనుక ఈ తీర్పు ప్రతి గైనిక్ వార్డు నర్సుకూ తెలియాలి.

హైదరాబాద్‌లో భాష ఇంకో చిక్కు. పేషెంట్ పాతబస్తీ నుంచి వచ్చి ఉర్దూ మాట్లాడుతుంది, సిస్టర్‌ది కేరళ, సర్జన్ ఇంగ్లీష్‌లో చెబుతారు, ఫారం తెలుగులో ఉంటుంది. అలాంటప్పుడు "అర్థమైందా?" అని అడిగితే అందరూ తల ఊపుతారు. "రేపు మీకు ఏం చేయబోతున్నారో నాకు చెప్పండి" అని అడిగి చూడండి. ఆమె చెప్పలేకపోతే సంతకం పక్కన పెట్టి డాక్టర్‌ను మళ్లీ పిలవండి.

"అమ్మకు కేన్సర్ అని చెప్పొద్దు సిస్టర్" అని కొడుకు చేతులు పట్టుకుంటాడు. ఆమె నన్నే అడుగుతుంది. ఏం చేయాలి?

రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రిలో గానీ ఇంకెక్కడైనా ఆంకాలజీ వార్డులో గానీ పనిచేసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. కొడుకు చెడ్డవాడు కాదు. తల్లి కుంగిపోతుందని అతని భయం. మన ఇళ్లలో పెద్ద జబ్బు వస్తే ఇల్లంతా కలిసి మోస్తుంది, ఆ మోయడంలో నిజాన్ని కూడా దాచేస్తారు.

తల్లి మాత్రం రాత్రి బీపీ చూస్తున్నప్పుడు మెల్లగా అంటుంది: "బిడ్డా, నాకేమైందో నువ్వన్నా చెప్పు. వీళ్లు చెప్తలేరు." ఆ వార్డులో పక్క బెడ్లవాళ్లకు జుట్టు ఊడటం ఆమె చూస్తూనే ఉంది. చాలాసార్లు ఆమెకు సగం తెలుసు.

రోగ నిర్ధారణ మొదటిసారి చెప్పాల్సింది డాక్టర్, మీరు కాదు. అలాగని "ఏం లేదమ్మా, గడ్డ అంతే" అని అబద్ధం చెప్పే హక్కు కూడా మీకు లేదు. "మీకేం అనిపిస్తోందమ్మా? ఏం తెలుసుకోవాలని ఉంది?" అని అడగండి, చెప్పనివ్వండి. "పొద్దున డాక్టర్‌గారితో మీరు మాట్లాడేలా చూస్తాను" అని మాటివ్వండి. ఇచ్చిన మాట డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో చెప్పండి, నోట్స్‌లో రాయండి, లేకపోతే పొద్దున అది ఎవరికీ గుర్తుండదు. కొడుకుతో విడిగా కూర్చుని "అమ్మే అడుగుతోంది బాబూ. ఆస్తి సంగతో, మనవరాలి పెళ్లి సంగతో ఆమెకు చెప్పుకోవాల్సినవి ఉండొచ్చు కదా" అనండి. చాలామంది కొడుకులు అక్కడ ఏడుస్తారు, ఆ తర్వాత ఒప్పుకుంటారు. తనకేమీ తెలుసుకోవాలని లేదు, కొడుకుకే చెప్పండని ఆ తల్లే స్పష్టంగా అంటే అదీ ఆమె నిర్ణయమే, దాన్నీ గౌరవించాలి.

గోప్యత ఎంతవరకు? ఎప్పుడు చెప్పక తప్పదు?

హెచ్ఐవీ సోకినవాళ్ల విషయంలో 2017 నాటి చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఆ మనిషి ఒప్పుకోలు లేకుండా వాళ్ల స్థితి బయటపెట్టకూడదు, వైద్యంలో వివక్ష చూపకూడదు. బెడ్ కాళ్ల దగ్గర ఎర్ర స్టిక్కర్, కేస్ షీట్ మీద పెద్దక్షరాలు, "ఆ బెడ్ జాగ్రత్త" అని ఆయాకు గట్టిగా చెప్పడం, ఇవన్నీ బయటపెట్టడమే. మన రక్షణకు గ్లవ్స్, సూదుల జాగ్రత్త ప్రతి పేషెంట్ దగ్గరా ఒకేలా ఉండాలి. సూది గుచ్చుకుంటే మందులు ఇప్పించాల్సిన బాధ్యత అదే చట్టం ఆసుపత్రి మీద పెట్టింది. వీలైనంత తొందరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అడగడానికి సిగ్గుపడకండి.

చెప్పక తప్పనిది ఒకటుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద పోలీసులకు సమాచారం ఇవ్వడం తప్పనిసరి. "ఇంటి పరువు సిస్టర్" అని బతిమిలాడినా సరే. అయితే గర్భస్రావం కోసం వచ్చిన మైనర్ అమ్మాయి, ఆమె సంరక్షకులు కోరితే డాక్టర్ ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది తెలియక ఎన్నో కుటుంబాలు ఆసుపత్రికి రాకుండా నాటు దారులు వెతుక్కుంటాయి.

వార్డులో రీల్స్ తీయకండి. వెనకాల కనిపించే బెడ్ మీద ఉన్న మనిషిని మీరు అనుమతి అడగలేదు.

స్కానింగ్‌లో ఆడా మగా అని చుట్టాలే అడిగితే?

చెప్పకూడదు. గర్భంలోని శిశువు ఆడా మగా అన్నది బయటపెట్టడాన్ని నిషేధించే 1994 చట్టం ప్రకారం సైగతో చెప్పినా నేరమే.

కాన్పు అయ్యాక సంతోషంగా ఇచ్చే డబ్బులు తీసుకోవచ్చా?

వద్దు. ఇచ్చేవాళ్ల సంతోషం నిజమే కావచ్చు. కానీ ప్రసూతి వార్డులో అది ఎప్పుడో రేటుగా మారిపోయింది, బాబు పుడితే ఒక రేటు, పాప పుడితే ఇంకోటి. ఇవ్వలేని తల్లి బెడ్‌షీట్ మార్చమని అడగడానికి కూడా జంకుతుంది. డబ్బు మీరు తీసుకోకపోయినా మీ డ్యూటీలో ఆయా, వార్డ్ బాయ్ అడుగుతుంటే చూసీ చూడనట్టు ఉండకండి. స్వీట్ బాక్స్ ఇస్తే వార్డంతా పంచండి.

చివరి దశలో ఉన్న పేషెంట్‌కు సీపీఆర్ (ఆగిన గుండెను మళ్లీ కొట్టించడానికి ఛాతీ నొక్కడం) చేయొద్దని డాక్టర్ నోటిమాటగా చెబితే?

నోటిమాట చాలదు. కేస్ షీట్‌లో రాసి, సంతకం చేసి ఉండాలి, పేషెంట్‌తో లేదా కుటుంబంతో మాట్లాడిన సంగతి అందులో కనిపించాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. రాతలో లేకపోతే గుండె ఆగినప్పుడు సీపీఆర్ మొదలుపెట్టాల్సిందే. పైపైన చేసినట్టు నటించడం మాత్రం ఎప్పుడూ వద్దు, అది కుటుంబాన్ని మోసం చేయడం. ఇంకో సంగతి: సీపీఆర్ వద్దంటే సేవ వద్దని కాదు. నొప్పి మందు, నోరు తడపడం, పక్కకు తిప్పడం ఆఖరి నిమిషం దాకా ఉంటాయి.

ప్రాణాధార వైద్యం ఆపడం గురించి 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది, 2023 జనవరిలో ఆ పద్ధతిని తేలిక చేసింది. తనకు అలాంటి వైద్యం వద్దని మనిషి ముందుగా రాసుకున్న పత్రానికి (లివింగ్ విల్) ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. ఆసుపత్రిలో రెండు వైద్య బోర్డులు పరిశీలించాకే నిర్ణయం. అందులో నర్సు ఓటు లేదు. రోజంతా పక్కన ఉండేది నర్సే కనుక ఆమె చూసింది బోర్డు అడగాలని నా అభిప్రాయం.

ఈ చర్చ మన దేశంలో ఒక నర్సు మంచం దగ్గరే మొదలైంది. అరుణా షాన్‌బాగ్ ముంబై కేఈఎం ఆసుపత్రిలో నర్సు. 1973 నవంబర్ 27న అక్కడే పనిచేసే ఒకడు ఆమె మీద దాడి చేశాడు. ఆమె మళ్లీ తేరుకోలేదు. 2015 మే 18న చనిపోయేవరకు ఆ ఆసుపత్రి నర్సులు తరం తర్వాత తరం ఆమెను చూసుకున్నారు. అన్నేళ్లు మంచం మీదున్నా ఆమె ఒంటికి పుండు పడనివ్వలేదు. వైద్యం ఆపమంటూ వేసిన పిటిషన్‌ను 2011లో సుప్రీంకోర్టు కొట్టేస్తూ, ఆమె తరఫున మాట్లాడే అర్హత ఆ ఆసుపత్రి సిబ్బందికే ఉందని చెప్పింది. ఆపడం సరా కాదా అన్నదానిలో నర్సుల మధ్యే భిన్నాభిప్రాయాలు ఉండొచ్చు. పుండు పడనివ్వకపోవడంలో మాత్రం రెండో అభిప్రాయానికి చోటు లేదు.

ఒక్కరికి ఇరవై మంది పేషెంట్లను అప్పగించి నైతికత గురించి మాట్లాడటం న్యాయమేనా?

న్యాయం కాదు. ఈ ప్రశ్న అడిగేవాళ్లను నేనెప్పుడూ తప్పుపట్టను.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒక్కరికి ఒకరు ఉండాలి. మన వార్డులు ఎలా ఉంటాయో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. ఏం చేస్తే సరైనదో తెలుసు, చేయడానికి వ్యవస్థ వీలివ్వదు. ఆ నలుగుబాటుకు నైతిక క్షోభ అని పేరు పెట్టి 1984లోనే ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్వవేత్త వివరించారు. ఇంటికెళ్లాక కూడా ఆ బెడ్ కళ్లముందే ఉండటం, నిద్ర పట్టకపోవడం, మెల్లగా మొద్దుబారిపోవడం దాని లక్షణాలు. మొద్దుబారడం దగ్గరే మనిషి చేజారిపోతుంది.

జీతాల సంగతీ ఇందులో భాగమే. సుప్రీంకోర్టు 2016 జనవరి ఆదేశంతో వేసిన కేంద్ర కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదనీ, 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలనీ సిఫార్సు చేసింది. నగరంలో చిన్న నర్సింగ్ హోముల్లో ఆ అంకె చూడని నర్సులు నాకు చాలామంది తెలుసు. డబుల్ డ్యూటీ చేసి కళ్లు మూతలు పడుతున్న మనిషి చేతిలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ లాంటి మందు పెట్టి, తప్పు జరిగితే ఆమె ఒక్కదాన్నే బోనెక్కించడం అనైతికం.

అయినా ఆ రాత్రికి మీరు చేయగలిగింది ఒకటుంది. డ్యూటీ మొదట్లోనే "ఇంతమందికి నేనొక్కదాన్నే ఉన్నాను, వీరిలో ముగ్గురు సీరియస్, ఇంకొకరిని పంపండి" అని రాతపూర్వకంగా సూపరింటెండెంట్‌కు తెలియజేయండి. ఎవరూ రాకపోవచ్చు. ఆ కాగితం మాత్రం ఉంటుంది. తర్వాత సీరియస్ బెడ్ల నుంచి మొదలుపెట్టి, వదిలేసినవి వదిలేసినట్టు రాయండి.

పేషెంట్ అటెండెంట్లు చేయి చేసుకుంటే కూడా సేవ చేయాల్సిందేనా?

ముందు మీరు అక్కణ్నుంచి తప్పుకోండి, సెక్యూరిటీని పిలవండి. ఆసుపత్రి సిబ్బంది మీద హింసకు 2008 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం మూడేళ్ల దాకా శిక్ష ఉంది. ఫిర్యాదు చేయడంలో ఏ మొహమాటమూ వద్దు. కొట్టినవాడు పేషెంట్ కాదు కాబట్టి పేషెంట్ సేవ ఆగకూడదు. కానీ అది మీరే చేయాలని లేదు, ఇంకొకరు తీసుకోవచ్చు. పేషెంట్ కులం, మతం, తాగి వచ్చాడు, జైలు నుంచి తెచ్చారు అన్న కారణాలతో మాత్రం సేవ నిరాకరించడానికి వీల్లేదు.

స్టూడెంట్ చేసిన పొరపాటుకు బాధ్యత ఎవరిది?

చూడకుండా అప్పగించినవాళ్లది. నేర్పకుండా చేయమనడం, పక్కన నిలబడకుండా సంతకం పెట్టడం రెండూ తప్పే. నేర్చుకోని పని చేయమంటే "నాకు రాదు మేడమ్, మీరుండగా చేస్తాను" అనడం స్టూడెంట్ బాధ్యత.

సీనియర్ తప్పు చేయడం చూశాను. చెబితే వార్డులో ఒంటరిదాన్ని అయిపోతాను. ఎలా?

ముందు ఆమెకే చెప్పండి, విడిగా, గౌరవంగా. "అక్కా, ఆ మందు పదో బెడ్‌ది అనుకుంటా, ఒకసారి చూద్దామా?" అంటే చాలామంది ఆగి చూస్తారు. పేషెంట్‌కు హాని జరిగే క్షణమైతే మర్యాద గురించి ఆలోచించకండి, "ఆగండి" అని గట్టిగా అనండి. మందులు అమ్ముకోవడం, చార్టు మార్చడం, పేషెంట్‌ను కొట్టడం లాంటివైతే వార్డులో సర్దుబాటు చేసుకునే విషయాలు కావు. నర్సింగ్ సూపరింటెండెంట్‌కు తేదీ, సమయం, మీ కళ్లతో చూసినంతవరకు రాసి ఇవ్వండి, విన్నవి చేర్చకండి. అందినట్టు సంతకం తీసుకుని ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి, పేషెంట్ పేరు, కేస్ షీట్ ఫొటోలు మాత్రం ఫోన్‌లో పెట్టుకోకండి. అక్కడ కదలిక లేకపోతే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఒక్కరే వెళ్లలేకపోతే ఆ రోజు డ్యూటీలో ఉండి అదే చూసిన ఇంకొకరిని అడగండి. ఇద్దరి సంతకాలున్న కాగితాన్ని తొక్కిపెట్టడం కష్టం.